అక్టోబరు ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో?

చాలా దేశాల్లో అక్టోబరును డిస్‌లెక్సియా అవగాహన నెలగా పాటిస్తారు. అందుకని చదవడం, రాయడం, లెక్కలు అందరిలా పట్టుబడని పిల్లలతో పనిచేసే సంస్థల్లో సెప్టెంబరు ఆఖరికల్లా ఒక తగువు మొదలవుతుంది. బయటి జనానికి ఏం చెప్పాలి, ఎవరిని చూపించి చెప్పాలి అని. ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ అలాంటి సంస్థలో పనిచేస్తున్నవాళ్లే. ఆయన చాలాకాలం టీవీ చానళ్లలో పనిచేసి, ఇప్పుడు సికింద్రాబాదులో ఓ సంస్థకి ప్రెస్ నోట్లు, విరాళాల ఉత్తరాలు, వీడియోలు చూసుకుంటున్నాడు. ఆవిడ అక్కడే స్పెషల్ ఎడ్యుకేటరు, ఆయనకి తల్లి వయసు. మనుషులు కల్పితం, వాళ్లు చెప్పే చట్టాలూ తేదీలూ కావు. తగువంతా పేరు బయట పెట్టడం గురించే కాబట్టి ఇద్దరికీ పేర్లు పెట్టలేదు.

పాత్రికేయుడు: వీడియో రెడీ మేడం. మన తొమ్మిదో తరగతి అబ్బాయిది. వాళ్ల నాన్న ఆటో నడుపుతూ మాట్లాడేది ఫస్ట్ షాట్. "అందరూ వీణ్ని మొద్దన్నారు సార్" అంటూ ఆయన గొంతు పూడుకుపోతుంది. అక్కణ్నుంచి కట్ చేస్తే బొమ్మల పోటీలో అబ్బాయి బహుమతి అందుకుంటాడు. మీరు ఓకే అంటే రేపు పొద్దున్నే వదులుతా.

టీచరు: చూశాను బాబూ. చాలా బాగా తీశావు. వద్దు.

పాత్రికేయుడు: బాగుందంటూనే వద్దంటారేంటి?

టీచరు: బాగుంది కాబట్టే వద్దంటున్నా. బాగోకపోతే నలుగురు చూసి వదిలేసేవాళ్లు. ఇది ఊరంతా తిరుగుతుంది. సోమవారానికల్లా వాడి బెంచీలో కూర్చునే వాళ్ల ఫోన్లలో ఉంటుంది.

పాత్రికేయుడు: ఉండాలనే కదా తీసింది! మేడం, మన జబ్బంతా దాచిపెట్టడంలో ఉంది. అక్క పెళ్లయ్యేదాకా తమ్ముడి సంగతి బయటికి రానివ్వరు. సంబంధాలు చెడతాయని భయం. బాసర తీసుకెళ్లి రెండోసారి అక్షరాభ్యాసం చేయిస్తారు, సరస్వతీ ఆకు పొడి తేనెలో కలిపి నాకిస్తారు, ట్యూషన్ మార్పిస్తారు, తోలు వలుస్తారు. మీ దగ్గరికి మాత్రం ఏడో తరగతిలో తీసుకొస్తారు. మీరే అంటారుగా, మూడో తరగతిలో వచ్చుంటే సగం బాధ తప్పేదని! మరి వాళ్లకి మూడో తరగతిలో ఎవరు చెప్పాలి? ఒక తండ్రి ముందుకొచ్చి "మా వాడికి ఇదుంది, ఇదేం పాపం కాదు" అంటే అది వంద ఉపన్యాసాల పెట్టు. ఆ తండ్రి నోరు మనం మూసేస్తే మనమూ దాచే జట్టులోనే చేరినట్టు.

టీచరు: తండ్రి తన గురించి చెబితే నేను నోరు ముయ్యను. ఆయన చెబుతున్నది కొడుకు గురించి.

పాత్రికేయుడు: 'తారే జమీన్ పర్' గుర్తుందా? 2007 డిసెంబరు 21న వచ్చింది. మన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది డిస్‌లెక్సియా అన్న మాట ఆ సినిమాతోనే విన్నారు. అంతకు ముందు సదస్సులు జరగలేదా, పుస్తకాలు రాలేదా? వచ్చాయి. కానీ జనానికి అందింది ఎనిమిదేళ్ల ఇషాన్ మొహం. మొహం లేకపోతే విషయం లేదు మేడం, టీవీలో నేను నేర్చుకుంది ఇదొక్కటే.

టీచరు: ఆ మొహం ఎవరిది?

పాత్రికేయుడు: ఇషాన్ అవస్థిది.

టీచరు: దర్శీల్ సఫారీది. నటించాడు, పేరొచ్చింది, ఇంటికెళ్లాడు. ఇషాన్ ఏ బడికీ వెళ్లడు. ఏ క్లాసులోనూ వాణ్ని "అరే ఇషాన్, బోర్డు మీదున్నది చదవరా" అని ఎవడూ ఏడిపించడు. దేశం మొత్తం ఏడ్చింది, అయినా ఒక్క నిజం పిల్లాడి బతుకూ అందులో ఖర్చు కాలేదు. నువ్వు చెప్పిన ఉదాహరణ నా వైపే పనిచేస్తోంది.

పాత్రికేయుడు: మన దగ్గర ఆమిర్ ఖాన్ లేడు కదా!

టీచరు: ఆ సినిమా వచ్చిన నెలలోనే న్యూయార్కులో ఏం జరిగిందో తెలుసా? అక్కడి విశ్వవిద్యాలయంవాళ్ల పిల్లల మానసిక వైద్య కేంద్రం ఒకటి పోస్టర్లు వేసింది. కిడ్నాపరు రాసే బెదిరింపు ఉత్తరం ఉంటుంది చూడు, అలా. మీ అబ్బాయి మా చేతిలో ఉన్నాడు, వాణ్ని మాట్లాడనివ్వం, స్నేహితులతో కలవనివ్వం అంటూ. కింద సంతకం: ఆటిజం. ఇంకోదానికింద ఏడీహెచ్‌డీ. ఉద్దేశం మంచిదే, తల్లిదండ్రులు భయపడి త్వరగా వైద్యానికి రావాలని. వాటిని మూడు వారాలు తిరక్కుండా పీకించేశారు. పీకించింది ఎవరు? డాక్టర్లు కాదు. ఆరి నీమన్ అని అప్పుడే ఇరవై నిండిన కుర్రాడు, తనే ఆటిజం ఉన్నవాడు, తనలాంటివాళ్లని కూడగట్టి పీకించాడు. మమ్మల్ని ఎవడూ ఎత్తుకుపోలేదు, ఇక్కడే ఉన్నాం, మీ పోస్టర్లు చూస్తున్నాం అన్నది వాళ్ల గొడవ.

పాత్రికేయుడు: అది భయపెట్టడం. నాది ఆశ పుట్టించడం.

టీచరు: నీ ఆశ దేనిమీద నిలబడింది? మొదట వాణ్ని మొద్దు అనిపించావు, తర్వాత గెలిపించావు. ఆ మొద్దు అన్నమాట లేకపోతే నీ వీడియోలో పస లేదు. స్టెల్లా యంగ్ అని ఆస్ట్రేలియాలో చక్రాల కుర్చీలో తిరిగే హాస్యనటి, జర్నలిస్టు కూడా. 2014లో సిడ్నీలో ఒక ప్రసంగంలో సరిగ్గా దీన్నే కడిగేసింది. మేం పొద్దున్నే లేచి మా పని మేం చేసుకోవడం చూసి మీరు ఉత్తేజం పొందకండి, మేం మీకు ఉత్తేజం సరఫరా చేసే సరుకు కాదు అని. ఆ ఏడాది చివర్లోనే పోయింది పాపం. వాడి బొమ్మకి బహుమతి వచ్చింది కదా, బొమ్మ బాగుందని చెప్పు. వెనకాల ఆ వేణువు దేనికి?

పాత్రికేయుడు: సరే, వేణువు తీసేస్తా. కానీ ఒకటి చెప్పండి. ఫలితాలొస్తే మన ఊళ్లలో ఏం జరుగుతుంది? సెంటరుకో ఫ్లెక్సీ, ఫ్లెక్సీకి యాభై మొహాలు, మొహానికో ర్యాంకు. టీవీ పెడితే ఒకటీ ఒకటీ ఒకటీ రెండూ రెండూ అంటూ పిల్లల ఫొటోలే ఫొటోలు. ఒక్క తల్లీ తండ్రీ అభ్యంతరం చెప్పగా నేను చూడలేదు. ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలతో నిండిన ఊళ్లో, ర్యాంకు రాని పిల్లాడు ఒక్కడు నవ్వుతూ ఫ్లెక్సీ మీద కనబడితే తప్పేంటి? నాకైతే అదొక న్యాయంలా అనిపిస్తుంది.

ఈ మాట నాకు నచ్చింది. ర్యాంకుల ప్రకటనల మధ్య పెరిగిన వాళ్లెవరైనా దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. ఆవిడ కూడా వెంటనే జవాబివ్వలేదు.

టీచరు: వాడు ఫ్లెక్సీ మీద ఉంటే నాకూ సంతోషమే. బొమ్మల పోటీ వాళ్లు వేసిన ఫ్లెక్సీ మీద ఉండాలి. మనం వేస్తే వాడు చిత్రకారుడు కాదు, డిస్‌లెక్సియా అబ్బాయి. ర్యాంకు పిల్లలు చేసినదానికి కనబడతారు, మనవాడు చేయలేనిదానికి కనబడతాడు.

పాత్రికేయుడు: తండ్రి సంతకం పెట్టాడు మేడం. చదివి వినిపించి మరీ తీసుకున్నా. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం అడిగేది అదే కదా, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి తల్లిదండ్రుల అనుమతి! నియమాలు 2025 నవంబరులోగానీ రాలేదు, అమలుకి గడువు కూడా ఇచ్చారు. అయినా నేను ముందే తీసుకున్నా.

టీచరు: మెచ్చుకుంటున్నా. ఇప్పుడు ఇది చెప్పు. వాళ్లబ్బాయి ఫీజు ఎంత కడుతున్నాడు?

పాత్రికేయుడు: ఏమీ లేదు. పూర్తి రాయితీ.

టీచరు: వారానికి మూడు రోజులు మనం ఉచితంగా చదువు చెబుతున్నాం. అలాంటిది మన ఆఫీసు మనిషి కెమెరా పట్టుకుని ఇంటికొచ్చి, అన్నా ఒక సంతకం పెట్టు అంటే ఆయన ఏమంటాడు? కాదనగలడా? ఫీజు మొత్తం కట్టే గేటెడ్ కమ్యూనిటీ వాళ్లని అడిగావా ఎప్పుడైనా? మన బ్రోచర్లన్నీ తీసి చూడు. అన్నింట్లో ఆటోవాళ్ల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలే. డాక్టరుగారి అబ్బాయి కూడా మన దగ్గరే చదువుతాడు, వాడి నీడ కూడా ఏ ఫొటోలోనూ పడలేదు. డిస్‌లెక్సియా ఏమైనా ఆదాయం చూసి వస్తుందా?

పాత్రికేయుడు: డాక్టరుగారిని అడిగా. నవ్వి ఊరుకున్నారు.

టీచరు: ఆ నవ్వి ఊరుకునే వెసులుబాటు ఆటో ఆయనకి లేదు. నీ చేతిలో ఉన్నది అనుమతి కాదు బాబూ, కృతజ్ఞత. ఇంకోటి. చట్టం ప్రకారం ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. రేపు వాడికి పద్దెనిమిదేళ్లు నిండి వచ్చి, నాది తీసెయ్యండి అంటే, నువ్వు మన పేజీలోంచి తీసేస్తావు. వాట్సాప్ గ్రూపుల్లోంచి ఎవరు తీస్తారు?

పాత్రికేయుడు: పెద్దయ్యాక వాడికి సర్టిఫికెట్ కావాలి మేడం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఇదీ ఒకటి. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్, అందులో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యాలతో కలిపి వీళ్లకి ఒక శాతం. అది కావాలంటే నాకిది ఉంది అని చెప్పుకోవాల్సిందేగా? ఎప్పటికైనా బయటపడేదానికి ఇప్పుడే దాపరికమెందుకు?

టీచరు: చెప్పుకోవాలా వద్దా అన్నది వాడి ఇష్టం. చెప్పుకున్నా సర్టిఫికెట్ చూసే అధికారికి చెప్పుకుంటాడు, దిల్‌సుఖ్‌నగర్ మొత్తానికి కాదు. రిజర్వేషన్ వద్దనుకుని ఏ ప్రైవేటు కంపెనీకో వెళ్తాడనుకో, వాళ్లు పేరు కొట్టి వెతికితే మొదట వచ్చేది తండ్రి ఏడుపు.

పాత్రికేయుడు: మేడం, మీ ట్రైనింగ్ నోట్సులోంచే ఒకటి చెప్తా. డిస్‌లెక్సియా గురించి వైద్యంలో మొదట పేరుపడ్డ వ్యాసం 1896 నవంబరులో వచ్చింది, ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశాడు. అదేంటి? ఒక పిల్లాడి కథ. పద్నాలుగేళ్లవాడు, చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం రాదు. తన పేరు పెర్సీ అని రాయబోయి అక్షరాలు తారుమారు చేసి ప్రెసీ అని రాశాడు. పాఠాలన్నీ నోటితో చెప్తే బళ్లో వీడే అందరికంటే తెలివైనవాడని అతని మాస్టరు అన్నాడట. ఆ కథ చెప్పకపోతే ఈ శాస్త్రం ఎక్కడిది? మీ ఉద్యోగం ఎక్కడిది?

టీచరు: ఆ వ్యాసంలో పిల్లాడి ఇంటిపేరేంటి?

పాత్రికేయుడు: పెర్సీ ఎఫ్.

టీచరు: ఎఫ్ అంటే?

పాత్రికేయుడు: అంతే ఉంది.

టీచరు: డేటా చట్టాలు లేవు, వాట్సాప్ లేదు. 1896లో ఒక డాక్టరుకి ఇంటిపేరు పొడి అక్షరం దగ్గర ఆపెయ్యాలని తోచింది. కథ మొత్తం చెప్పాడు, ఏ వివరమూ వదల్లేదు. మనిషిని మాత్రం వదిలేశాడు. నేనడిగేది కూడా అంతే. కథ వద్దనలేదు.

పాత్రికేయుడు: అచ్చులో అది నడుస్తుంది. తెరమీద నడవదు. టీవీలో మొహం మసక చేశామంటే చూసేవాళ్లకి రెండే అర్థాలు: వీడు నిందితుడైనా అవ్వాలి, వీడిమీద ఘోరమైనా జరిగుండాలి. డిస్‌లెక్సియా ఉన్న పిల్లాడి మొహం మసకేసి చూపిస్తే, ఇది సిగ్గుపడాల్సిన సంగతే అని మనమే ముద్ర వేసినట్టు. వెనకనుంచి తీయడం, చేతులు మాత్రమే చూపించడం కూడా అంతే, పోలీసు ప్రెస్‌మీట్ లాగే ఉంటుంది. మీరు గౌరవం అనుకుని చేసేది చూసేవాడికి అవమానంలా అందుతుంది.

టీచరు: అది నిజమే. నేనలా ఆలోచించలేదు.

పాత్రికేయుడు: మరి ఎవర్ని చూపించమంటారు?

టీచరు: నన్ను చూపించు. పిల్లలకి వేళ్లతో ఇసకమీద రాయించడం, మాటని ముక్కలు చేసి చప్పట్లు కొట్టించడం, అదంతా నేను చేసి చూపిస్తా. ఈ పిల్లల్లో పెరిగి పెద్దవాళ్లై, ఉద్యోగాల్లో స్థిరపడి, మేం మాట్లాడతాం అని వాళ్లంతట వాళ్లు వచ్చేవాళ్లుంటే వాళ్లని చూపించు. ఒక్కడే దొరికినా సరే.

పాత్రికేయుడు: మిమ్మల్ని చూపిస్తే ఎవడూ విరాళం ఇవ్వడు మేడం. తప్పుగా అనుకోకండి.

టీచరు: అనుకోను. కానీ విరాళమంటే ఏడిపించే అడగాలా? నువ్వే చెప్పావు మొన్న బోర్డు మీటింగులో. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఖర్చుపెట్టాలి, ఏడో షెడ్యూల్లో ప్రత్యేక విద్య అని పేరు పెట్టి మరీ రాసుంది అని. వాళ్లు చేయాల్సిన ఖర్చుకి మనం చోటు చూపిస్తున్నాం. మరి ఈ ఏడుపు వీడియో ఎవరికి?

పాత్రికేయుడు: కంపెనీలో ఆ ఫైలు చూసేది కూడా మనిషే కదా. ఎంతమంది పిల్లలు, ఎన్ని గంటలు అని పట్టిక పంపితే పక్కన పెడతాడు. ముందు ఎలా ఉన్నాడు, తర్వాత ఎలా అయ్యాడు, అది కావాలి వాడికి. అమెరికాలో మనవాళ్లు కూడా అంతే. అన్నట్టు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికొస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లది దానికిందికి రాదు. ఈ సంగతి అప్పీల్లో పైనే రాయకపోతే తర్వాత మన అకౌంటెంటు ప్రాణం తీస్తాడు.

టీచరు: ముందూ తర్వాతా చూపించడానికి మొహమెందుకు? జూన్‌లో వాడు రాసిన డిక్టేషన్ పేజీ, ఫిబ్రవరిలో రాసిన పేజీ. పేరు చింపేసి పక్కపక్కన పెట్టు. మొదటిదాంట్లో ఒత్తులన్నీ మాయం, 'మ' ఉండాల్సిన చోట 'య', గుణింతాలు ఎటు పోయాయో దేవుడికెరుక. రెండోదాంట్లో ఇంకా తప్పులున్నాయి, కానీ చదివితే అర్థమవుతుంది. మన పనికి అంతకంటే సాక్ష్యమేముంది?

పాత్రికేయుడు: ...అది బాగుంటుంది. దాన్ని స్క్రీన్ మీద పెట్టి వెనక మీ గొంతు వేయొచ్చు.

టీచరు: వేణువు లేకుండా.

పాత్రికేయుడు: ఆ వేణువుని వదలరు కదా మీరు.

టీచరు: ప్రెస్ నోట్ కూడా చదివా. దేశంలో ప్రతి ఐదుగురు పిల్లల్లో ఒకరు అని రాశావు. పోయినేడు పదిమందిలో ఒకరు. ఏడాదిలో రెట్టింపయ్యారా?

పాత్రికేయుడు: రెండూ ఎక్కడో ఒకచోట ఉన్నవే మేడం. పెద్ద అంకె ఉంటేనే హెడ్డింగు పడుతుంది.

టీచరు: 2011 జనగణనలో మొత్తం 2.68 కోట్ల మంది వికలాంగులని తేల్చారు. ఎనిమిది రకాల గడులు పెట్టారు, వాటిలో దీనికి గడే లేదు. ఆ జనగణన వీళ్లని లెక్కే పెట్టలేదు. రాస్తే అదే రాయి. నన్నడిగితే ఏ అంకె కన్నా పెద్ద వార్త అది. ఇంకా ఆ ఐన్‌స్టీన్ పోస్టరు తీయించెయ్. ఆయనకి డిస్‌లెక్సియా ఉందనడానికి ఆధారమే లేదు. పదిహేనేళ్లు రాకముందే కలనగణితం వంటబట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. పిల్లాడు ఇంటికెళ్లి వెతికి చూసుకుంటే, మనం చెప్పిన మిగతావన్నీ కూడా అబద్ధాలే అనుకుంటాడు.

పాత్రికేయుడు: తీయిస్తా. ఇప్పుడు నా వంతు. మీ డిపార్టుమెంటువాళ్లు తయారుచేసిన బ్రోచరు ఇది. ఎనిమిది పేజీలు. మొదటి వాక్యం చదవనా? "నిర్దిష్ట అభ్యసన వైకల్యం అనునది నాడీ అభివృద్ధి సంబంధిత స్థితి..."

టీచరు: అది సరైన నిర్వచనమే.

పాత్రికేయుడు: సరైనదే. ఎవరికి? మీరే చెప్తారు, ఇది కుటుంబాల్లో నడుస్తుందని, పిల్లాడికి ఉంటే తల్లికో తండ్రికో కూడా ఉండే అవకాశం ఎక్కువని. అంటే ఈ కాగితం అందుకునేవాళ్లలో చాలామందికి చదవడమే కష్టం. చదవడం కష్టమైనవాళ్ల కోసం పెట్టిన సంస్థ, వాళ్లకి ఎనిమిది పేజీల చిన్నక్షరాలు అచ్చేసి పంచుతుంది! లైన్లు ఇంత దగ్గరగా కొట్టించారు, పై లైను ఒత్తు వచ్చి కింది లైను గుడి మీద కూర్చుంది. నాకే కళ్లు తిరిగాయి. నా ఫొటోల్లో పిల్లల గౌరవం పోతుందన్నారు. మీ అచ్చులో వాళ్ల తల్లిదండ్రుల గౌరవం సంగతేంటి?

ఆవిడ బ్రోచరు తీసుకుని తిరగేసింది. ఇలాంటి సంస్థలు అచ్చేసే కాగితాల్లో చాలావాటికి ఈ దెబ్బ తగులుతుందని నా నమ్మకం. ప్రభుత్వ కరపత్రాలకైతే మరీను.

టీచరు: ఏం చేద్దామంటావు?

పాత్రికేయుడు: బ్రిటిష్ డిస్‌లెక్సియా అసోసియేషన్ వాళ్లు ఎప్పుడో చెప్పారు. అక్షరం పన్నెండు, పద్నాలుగు పాయింట్ల సైజుండాలి, హంగులు లేని ఫాంటు, వాలు అక్షరాలు వద్దు, అండర్‌లైన్లు వద్దు, ఎడమవైపే సరిచేయాలి, తెల్లటి కాగితం బదులు మీగడ రంగుది. తెలుగుకి దానికి తోడు లైనుకీ లైనుకీ మధ్య ఒత్తులు ఊపిరి పీల్చుకునే జాగా. ఒక్క పేజీ. అన్నింటికంటే ముందు, మీ గొంతుతో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్. అంగన్‌వాడీ టీచర్ల గ్రూపుల్లో వేస్తే ఇంటింటికీ పోతుంది. మీ పిల్లాడు నోటితో చెప్పింది రాయలేకపోతున్నాడా, మూడో తరగతికొచ్చినా అక్షరాలు కూడబలుక్కుంటున్నాడా, కొట్టకండి, ఒకసారి చూపించండి. ఇంతే. నాడీ అభివృద్ధి మాట వద్దు.

టీచరు: ఎనిమిదేళ్లు లేక మూడో తరగతి, అక్కడే బడిలో మొదటి పరీక్ష జరగాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. అది కూడా చేర్చు. సీబీఎస్‌ఈలో సర్టిఫికెట్ ఉన్న పిల్లలకి మూడు గంటల పరీక్షకి ఇంకో గంట ఇస్తారని, రాసిపెట్టే మనిషిని ఇస్తారని. ఈ సంగతి తెలియక పదో తరగతి పోగొట్టుకున్నవాళ్లని చూశా.

పాత్రికేయుడు: మీరు చెబుతుంటే నేను రాసుకుంటున్నా. ఇంకా, పోయిన నెల ఒక పేపరు మనమీద వేసిన వార్తకి "బుద్ధిమాంద్యం పిల్లలకు ఆసరా" అని హెడ్డింగు పెట్టింది కదా. మీరు లాయరు నోటీసు ఇవ్వాలంటున్నారట.

టీచరు: ఇవ్వొద్దా? 2016 చట్టం 92వ సెక్షన్లో వికలాంగుల్ని నలుగురి ముందు కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్లు జైలుంది. 2024 జూలైలో నిపుణ్ మల్హోత్రా కేసులో సుప్రీంకోర్టు సినిమాలూ దృశ్య మాధ్యమాలూ వైకల్యాన్ని ఎలా చూపించాలో, ఏ మాటలు వాడకూడదో చెప్పింది. వాళ్లని సంప్రదించకుండా వాళ్ల గురించి తీయొద్దని కూడా చెప్పింది.

పాత్రికేయుడు: ఆ డెస్కులో కూర్చున్నవాడు కావాలని రాయలేదు మేడం. సాయంత్రం అరపేజీ వార్త చేతికొచ్చింది, మూడు కాలాల హెడ్డింగులో "నిర్దిష్ట అభ్యసన వైకల్యం" పట్టదు, పట్టిన మాట పెట్టాడు. నోటీసిస్తే మన వార్త ఇంకెప్పుడూ వేయరు. ప్రెస్ నోట్‌తోపాటు మనమే మూడు హెడ్డింగులు రాసిచ్చేస్తే? "చదువులో తడబడే పిల్లలకు ఆసరా". సరిపోయింది, పట్టింది. డెస్కులో పని తగ్గించినవాడి మాటే అచ్చవుతుంది, పదేళ్ల అనుభవం.

టీచరు: సరే. నోటీసు మానేస్తా. డిస్‌లెక్సియా నెల అని కలెక్టరేటుకి వేయిద్దామంటున్న ఎర్ర లైట్లు కూడా మానెయ్ నువ్వు.

పాత్రికేయుడు: 2024 అక్టోబరులో ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కీ ఇండియా గేటుకీ వేశారు మేడం. లైట్లు వేస్తే ఫొటో వస్తుంది, తేదీ వస్తుంది, వార్త వస్తుంది. పిల్లాడి మొహం వద్దంటే భవనం మొహమైనా ఇవ్వండి!

టీచరు: (నవ్వి) వేసుకో. దానికి ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు. కానీ ఆ ఒక్క పేజీలో కింద ఫోన్ నంబరు వేస్తావు కదా. అది మోగితే ఎవరు ఎత్తుతారు?

పాత్రికేయుడు: ఆఫీసు నంబరేగా?

టీచరు: ఆఫీసులో ఉన్నది ఒక్క అమ్మాయి. పరీక్ష చేసే సైకాలజిస్టు కూడా ఒక్కతే, ఒక్కో పిల్లాడికి రెండు మూడు సార్లు కూర్చోవాలి. పోయిన అక్టోబరులో నువ్వు టీవీలో నంబరు వేయించావు. ఫోన్లు వరదలా వచ్చాయి. వాళ్లలో కొందరికి సంక్రాంతి తర్వాత రమ్మన్నాం. కొందరి ఫోను ఎత్తనే లేదు. ఇన్నేళ్లూ దాచుకుని, ఎలాగో ధైర్యం చేసి ఫోను చేసిన తల్లికి అది మోగీ మోగీ ఆగిపోతే, ఆవిడ మళ్లీ ఎవరికి చేస్తుంది? అవగాహన పెంచావు బాబూ. తలుపు తీసేవాళ్లని పెట్టలేదు.

పాత్రికేయుడు: అంటే ప్రచారం తగ్గించాలా?

టీచరు: ఎంతమందిని చూడగలమో అంతవరకు చెయ్యి. ఈ నెల రెండు మండలాలు. అక్కడి బడి టీచర్లకి ముందు శిక్షణ, తర్వాత నీ వాయిస్ మెసేజ్. వచ్చే నెల ఇంకో రెండు. మనం చూడలేనివాళ్లకి వైకల్య సర్టిఫికెట్లిచ్చే క్యాంపు ఎక్కడో, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థకి ఎలా వెళ్లాలో చెప్పు. వేరేవాళ్ల చిరునామా మన కాగితం మీద వేస్తే మనకి చిన్నతనమేం కాదు.

పాత్రికేయుడు: డోనర్లకి రెండు మండలాలంటే చిన్నగా కనిపిస్తుంది.

టీచరు: కనిపించనీ.

ఆ అక్టోబరుకి వాళ్లు చేసింది ఇది: అబ్బాయి వీడియో విడుదల కాలేదు. కాపీ తండ్రికిచ్చారు, వాడికి పద్దెనిమిదేళ్లొచ్చాక ఏం చేసుకోవాలో వాడే చూసుకుంటాడు. రెండు డిక్టేషన్ పేజీల వీడియో కంపెనీలకి వెళ్లింది. బ్రోచరు స్థానంలో మీగడ రంగు కాగితం ఒకటి, వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చాయి. ఎర్ర లైట్ల అర్జీకి కలెక్టరేటు నుంచి జవాబు రాలేదు.

నా మట్టుకు, ఫొటో విషయంలో టీచరు గారిదే పైచేయి. ఫీజు రాయితీ తీసుకుంటున్న కుటుంబం పెట్టిన సంతకాన్ని అనుమతి అనడం కష్టం. కాగితం విషయంలో, పేపర్ల విషయంలో ఆయన చెప్పిన ప్రతి మాటా ఈ సంస్థలు గోడకి అంటించుకోవచ్చు.

పత్రికల్లో, చానళ్లలో ఉన్న మిత్రులకి ఒక మనవి. అక్టోబరులో ఇలాంటి సంస్థకి ఫోను చేసినప్పుడు, బైట్ ఇవ్వడానికి ఒక పిల్లాణ్ని చూసిపెట్టమని అడగకండి. మీ జిల్లాలో వైకల్య సర్టిఫికెట్లిచ్చే క్యాంపులో ఈ పరీక్ష చేయగల సైకాలజిస్టు ఉన్నారా, ఉంటే నెలకి ఎన్ని రోజులు వస్తున్నారు, మీ మండలం బడుల్లో మూడో తరగతి పిల్లల్ని ఎవరైనా పరీక్షించారా అని కనుక్కుని రాయండి. దానికి ఎవరి మొహమూ అక్కర్లేదు.